తాళం పడిన కొలతలు

“నేను కట్టాను అత్తయ్యా. ఒక్క నెల కూడా ఆలస్యం చెయ్యలేదు.”

“కడితే ఎందుకు ఆగుతుంది? ఊరికే ఆపడానికి వాళ్లకేమైనా పిచ్చా?”

“అదే నాకూ అర్థం కావట్లేదు.”

“నీకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? ఇంట్లో లెక్కలన్నీ నీ నాలుక చివరే ఉంటాయి కదా.”

టేపమ్మ తల తిప్పి బల్ల వంక చూసింది. బట్ట కత్తిరించే బల్ల మీద ఎర్ర ఫోను వెల్లకిలా పడి ఉంది. నిన్న సాయంత్రం దాకా మోగుతూ మాట్లాడుతూ ఉన్న ఫోను. ఇప్పుడు దాని అద్దం నిండా నల్లటి తెర, నడుమ తెల్లటి అక్షరాలు. ‘వాయిదాలు చెల్లించనందున ఈ ఫోను నిలిపివేయబడింది.’ ఎటు నొక్కినా అదే మాట. మూసి తెరిచినా అదే మాట. అత్త ఒకసారి దాన్ని తిరగేసి వీపు మీద రెండు దెబ్బలు కూడా వేసి చూసింది. పాత రేడియో అలాగే దారికొచ్చేదట.

మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె టేపమ్మ. ముందు గదిలో కుట్టు మిషను వేసుకున్నాక వచ్చిన పేరు అది. అత్త మాత్రం ఆ పేరుతో పిలవదు. కోపం లేనప్పుడు ‘అమ్మాయ్’ అంటుంది. కోపం వస్తే పిలవడమే మానేసి గాలితో మాట్లాడుతుంది.

గోడవారగా బూడిద రంగు బట్ట తానులు నిలబెట్టి ఉన్నాయి. కొత్తగా తెరవబోతున్న హోటలువాళ్లది ఆ బట్ట. వంటవాళ్లకీ, వడ్డించేవాళ్లకీ, గదులు ఊడ్చేవాళ్లకీ, వాకిట్లో నిలబడి తలుపు తీసేవాళ్లకీ, అందరికీ యూనిఫారాలు. ఇంత పెద్ద పని టేపమ్మ చేతికి ఎన్నడూ రాలేదు. ఇది బాగా కుట్టి ఇస్తే ఇకమీదట హోటలు కుట్టుపని అంతా మీకేనని మేనేజరమ్మ మాటిచ్చింది. ఆ మాట విన్న రోజు నుంచి టేపమ్మ కిటికీ కింద ఖాళీ చోటు వంక అప్పుడప్పుడూ చూసుకుంటోంది. అక్కడ రెండో మిషను పడుతుంది. కాస్త ఇరుకవుతుంది కానీ పడుతుంది.

ఆ యూనిఫారాల కొలతలన్నీ నల్ల తెర వెనకాల ఉన్నాయి.

అందరు దర్జీల్లా కాగితం మీద రాసుకునే అలవాటు ఆమెకు లేదు. రెండు చేతులూ టేపు మీద ఉంటే పెన్ను ఎక్కడ పట్టుకోవాలి? మొదట్లో భర్తను పక్కన కూర్చోబెట్టి రాయించేది. అతను ఒకరి నడుము తీసుకెళ్లి ఇంకొకరి ఛాతీ దగ్గర పెట్టేవాడు. ఫోను వచ్చాక ఆ బాధ తప్పింది. బల్ల మీద ఫోను పెట్టి, మాటలు రికార్డు చేసే మీట నొక్కి, కొలుస్తూ పైకి చెప్పుకుంటూ పోయేది. ‘వంటింటి పొడుగాయన. ఎడమ భుజం కిందికి జారి ఉంది, అటువైపు అరంగుళం తగ్గించాలి. ఊపిరి బిగబట్టి పొట్ట దాస్తున్నాడు, నడుము వదులు పెట్టాలి.’ ఆ మాటకు పొడుగాయన పకపకా నవ్వి ఊపిరి వదిలేసిన చప్పుడు కూడా అందులో ఉంది. రాసిన అంకెలు చూస్తే ఆమెకు ఏ మనిషీ గుర్తు రాడు. తన గొంతు తను వింటే ఆ భుజం, ఆ మెడ కళ్ల ముందు నిలబడతాయి.

“రాసుకోవచ్చుగా అని అప్పుడే చెప్పాను,” అంది అత్త, గాలితో.

“చెప్పారు.”

“నా మాట ఎవరు వింటారు ఈ ఇంట్లో.”

వ్యాను తోలే భర్త గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. దుకాణాలకు సామాను చేరవేసే చిన్న వ్యాను అతనిది. అత్తాకోడళ్ల గొంతులు లేస్తే అటొక జోకు, ఇటొక జోకు విసిరి మధ్యలోంచి జారుకోవడం అతని పద్ధతి. ఇవాళ జోకు లేదు. ఒకే బూటు తాడు కడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ కడుతున్నాడు.

“ఏమండీ, మీరైనా చెప్పండి. ప్రతి నెలా నేనే దుకాణానికి వెళ్లి కట్టి వస్తున్నానా లేదా?”

“కడుతున్నావు.”

“మరి?”

“ఏదో పొరపాటు అయ్యుంటుంది. కంప్యూటర్లు కదా.” తల ఎత్తలేదు. “రెండు రోజులు ఆగి చూద్దాం.”

“రెండు రోజులా? ఇవాళో రేపో కత్తెర పడకపోతే, హోటలు తెరిచే రోజున అక్కడే నిలబడి వాళ్ల ఒంటి మీదే గుండీలు కుట్టాలి నేను! ఇప్పుడే దుకాణానికి వెళ్తాను.”

“ఇవాళ వద్దు.” ఆ మాట మరీ తొందరగా వచ్చింది. తర్వాత మెల్లగా, “ఎండలో నువ్వెందుకు. అటువైపు లోడు ఉంది, నేనే దిగి కనుక్కుంటాలే,” అన్నాడు.

“వాడు కనుక్కుంటానంటున్నాడుగా, ఇంకేం,” అంది అత్త. “ఇంటిపట్టున ఉండి ఉన్న పని చూసుకోమను.”

“ఎవర్ని చూసుకోమంటున్నావమ్మా?” అన్నాడతను.

“గోడని!”

మామూలుగా అయితే దానికి అతను పడీ పడీ నవ్వాలి. నవ్వలేదు. రెండో బూటు తాడు కట్టకుండానే లేచి వెళ్లిపోయాడు. వ్యాను కదిలిన చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది.

టేపమ్మ బట్ట పరిచింది. సుద్దముక్క తీసుకుంది. వంటింటి పొడుగాయన. కళ్లు మూసుకుంది. పొడుగాయన వచ్చి నిలబడ్డాడు. అతని పక్కనే వడ్డించే పొడుగాయనా వచ్చి నిలబడ్డాడు. ఇద్దరిలో ఎవరి భుజం జారింది? పొట్ట దాచింది ఎవరు? ఒక గీత గీసింది. దాని పక్కన ఇంకో గీత గీసింది. రెండూ దులిపేసింది. సుద్ద రాలింది కానీ మరక ఉండిపోయింది.

“అలా కళ్లు మూసుకుంటే కొలతలు కలలోకి వస్తాయా?”

“కాసేపు లోపలికి వెళ్తారా అత్తయ్యా?”

“నా ఇంట్లో నన్నే లోపలికి పొమ్మంటోంది,” అని గాలితో చెప్పుకుంది అత్త. పోలేదు మాత్రం. సంచిలోంచి గుండీలు ఒళ్లో పోసుకుని పెద్దవి, చిన్నవి ఏరడం మొదలుపెట్టింది. తిడుతూ సాయం చెయ్యడం, సాయం చేస్తూ తిట్టడం, ఆవిడకు రెండూ ఒకటే పని.

అంతలో ఆవిడ పక్కన ఉన్న మీటల ఫోను మోగింది. ఎత్తి విని, అరచేత్తో మూసింది.

“ఎవరో ఆడమనిషి. హోటలట. లేవని చెప్పనా?” గుసగుసగా అంది.

“లేకుండా ఎక్కడికి పోయానంటారు?”

“ఎక్కడికో ఒకచోటికి.”

టేపమ్మ ఫోను అందుకుంది. “చెప్పండి మేడమ్.”

“మీ నంబరుకి నిన్నటి నుంచీ చేస్తున్నాను, కలవట్లేదు. రెండో నంబరు ఇచ్చారు కాబట్టి సరిపోయింది,” అంది మేనేజరమ్మ. “కటింగ్ మొదలుపెట్టారా?”

టేపమ్మ సుద్ద మరక వంక చూసింది. “బట్ట పరిచాను మేడమ్.”

“మంచిది. ఇంకో విషయం. ఇందాక ఎవడో ఫైనాన్సు కంపెనీ నుంచి నాకు ఫోను చేశాడు. ఫోను కొని బాకీ కట్టట్లేదు, మీకు తెలిసినవాళ్లే కదా, చెప్పి కట్టించండి అంటాడు. మాటలో మర్యాద లేదు. నా నంబరు వాడికి ఎలా దొరికింది?”

టేపమ్మ చెవులు వేడెక్కాయి. కొన్న రోజున ‘ఒప్పుకుంటున్నాను’ అని ఉన్నచోటల్లా నొక్కుకుంటూ పోవడం గుర్తొచ్చింది. ఫోనులో దాచుకున్న నంబర్లన్నీ వాళ్ల చేతికి పోతాయని అప్పుడు ఎవరు చదివారు?

“క్షమించండి మేడమ్. నేను అన్నీ కట్టాను. ఏదో పొరపాటు...”

“వాడు మీ పేరు చెప్పలేదు. ఇంటిపేరు మీదే. తర్వాత ఏదో మగవాళ్ల పేరు. నేను సరిగా వినకుండానే పెట్టేశాను.” ఆవిడ కాస్త ఆగింది. “చూడండి, మీ ఇంటి సంగతులు నాకు అక్కర్లేదు. కానీ పెద్ద దర్జీ దుకాణానికి వెళ్లాల్సిన పనిని మా ఓనరుతో పోట్లాడి మీకు ఇప్పించాను. నా ఉద్యోగం తీసేయించకండి.”

“అంత దాకా రానివ్వను మేడమ్.”

ఫోను అత్త చేతికి ఇచ్చేసి టేపమ్మ నిలబడిపోయింది. మగవాళ్ల పేరు. ఆ ఇంటిపేరుతో ఈ ఇంట్లో ఉన్న మగవాళ్లు ఇద్దరే, భర్తా మరిదీ.

“ఏమంటోంది?”

“దుకాణానికి వెళ్తున్నాను అత్తయ్యా.”

“వాడు కనుక్కుంటానన్నాడుగా!”

“ఆయన కనుక్కునేది ఆయన కనుక్కుంటారు,” అంటూ ఎర్ర ఫోను సంచిలో వేసుకుంది.

*

ఫోన్ల దుకాణంలో కౌంటరు వెనక ఉన్నది, నెలనెలా వాయిదా తీసుకునే అమ్మాయే. చొక్కా చేతులు పొడుగయ్యాయని ఒకసారి టేపమ్మతోనే పొట్టి చేయించుకుంది.

“ఏంటక్కా మళ్లీ వచ్చారు? ఈ నెలది కట్టేశారుగా.”

ఆ మాటకే టేపమ్మకు ప్రాణం లేచొచ్చింది. “ఆ ముక్క కాస్త గట్టిగా చెప్పమ్మా. మా అత్తగారికి వినపడాలి.”

అమ్మాయి నవ్వింది. టేపమ్మ సంచిలోంచి తీసి పెట్టిన ఫోను చూశాక నవ్వడం ఆపింది. కంప్యూటరు మీద ఏదో కొట్టింది, మళ్లీ కొట్టింది.

“మీ లోను శుభ్రంగా ఉందక్కా. ఒక్క వాయిదా కూడా బాకీ లేదు.”

“మరి తాళం ఎందుకు వేశారు?”

అమ్మాయి ఫోను పక్క నుంచి సిమ్ము అర లాగి, దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న అంకెలను తెర మీద అంకెలతో పోల్చింది. “ప్రతి ఫోనుకీ పుట్టుకతో ఒక నంబరు ఉంటుంది. లోను ఆ నంబరు మీదే ఇస్తారు.” ఇంకోసారి పోల్చి చూసింది. “అక్కా, ఈ ఫోను మీది కాదు.”

“నాది కాకపోవడమేంటి? కొన్న రోజు నుంచీ నా చేతిలోనే ఉంది.”

“మీ చేతిలో ఉన్నది ఎర్రది. మీ పేరు మీద ఉన్నది నల్లది. ఒకే రోజు రెండు తీసుకున్నారు కదా. ఎర్రది ఇదిగో, ఇతని పేరు మీద ఉంది.” తెర ఇటు తిప్పింది.

తెర మీద ఫొటోలో మరిది ఉన్నాడు. నీళ్లు పెట్టి దువ్విన జుట్టుతో, టేపమ్మే కుట్టిన చారల చొక్కాతో, పళ్లన్నీ బయటపెట్టి.

ఫోన్లు కొన్న రోజు దుకాణంలో నల్లది ఒక్కటే మిగిలింది. అది ఆమె వంతు వచ్చింది, ఎర్రది అతని వంతు. ఇంటికెళ్లి పెట్టెలు విప్పాక మరిది మొహం ముడుచుకున్నాడు. ‘ఇది పట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్తే లిప్‌స్టిక్కు ఎక్కడ కొన్నావంటారు’ అన్నాడు. అత్త రెండు ఫోన్లూ లాక్కుని, ఈ చేతిది ఆ చేతికి మార్చి ఇచ్చేసింది. ‘దాందేముంది, రెండూ ఒకటే. వాడు నల్లది తీసుకుంటాడు, అమ్మాయికి ఎర్రది బాగుంటుంది.’ టేపమ్మకూ ఎర్రదే నచ్చింది. నచ్చిందని పైకి అనడానికి సిగ్గుపడింది కూడా. ఎవరి వాయిదా వాళ్లు కట్టుకుంటే చాలనుకున్నారు. ఎవరి చేతిలో ఎవరి బాకీ ఉందో ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

“అంటే ఇన్నాళ్లూ నేను కట్టింది...”

“అతని చేతిలో ఉన్న ఫోనుకి. అతను కట్టనందుకు మీ చేతిలోది ఆగిపోయింది.”

“బొత్తిగా కట్టలేదా?”

అమ్మాయి తటపటాయించింది. “మొదట్లో కట్టారు. తర్వాత ఒక్కటీ రాలేదు.”

“ఇప్పుడు మొత్తం కట్టేస్తే?”

“కట్టినా తాళం ఇక్కడ తీయలేమక్కా, కంపెనీవాళ్లు తీయాలి. ఈ వారంలో అవదు. అతను కూడా వచ్చి నిలబడాలి.” గొంతు తగ్గించింది. “ఉన్నట్టుండి తాళం వెయ్యరు. ముందు ఫోన్లు చేస్తారు, మెసేజిలు పెడతారు. అతనికి తెలియకుండా ఉండదు.”

టేపమ్మ ఫోను తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

“ఇవాళ మా ఆయన ఏమైనా వచ్చారా? ఇదే విషయం అడగడానికి?”

“లేదక్కా. తలుపు తీసినప్పటి నుంచీ నేనే ఉన్నాను.”

*

అత్త ముందు నమ్మలేదు. తర్వాత ఒంటికాలి మీద లేచింది.

“నా కొడుకు అలాంటివాడు కాదు! ఎవడికైనా చిల్లర ఎక్కువొస్తే వెనక్కి పరిగెత్తి ఇచ్చొచ్చే రకం. ఆ దుకాణం పిల్ల ఏదో వాగితే నువ్వు మోసుకొచ్చావు!”

“ఫోన్లు మారిపోయాయి అత్తయ్యా. అది మాత్రం నిజమే కదా.”

“ఎవరు మార్చారు?”

టేపమ్మ అత్త చేతుల వంక చూసింది. అత్తకు ఆ చూపు సరిపోయింది. ఒళ్లో గుండీల మీద చేతులు అలాగే ఆగిపోయాయి.

“ఎర్రది నీకు బాగుంటుందనే ఇచ్చాను,” అంది చివరికి అత్త. ఈసారి గాలితో కాదు.

“బాగానే ఉంది అత్తయ్యా. నాకూ నచ్చింది.”

మధ్యాహ్నానికి మరిది ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. వస్తూనే చల్లటి చేతులు తల్లి మెడ మీద పెట్టడం, ఆవిడ కెవ్వున అరవడం రోజూ ఉండేదే. ఇవాళా వెనక నుంచి పిల్లిలా వచ్చి చేతులు చాచాడు. చాచినవి మధ్యలోనే ఆపేశాడు. బల్ల మీద ఎర్ర ఫోను కనిపించింది.

“ఏమైంది వదినా దానికి?”

“చదువు.”

చదివాడు. “దీనికెందుకు...” అని ఆగిపోయాడు. చెయ్యి తనకు తెలియకుండానే జేబులోని నల్ల ఫోను మీదికి వెళ్లింది. అతని మొహంలో ముందు కనిపించింది భయం కాదు, ఆశ్చర్యం. టేపమ్మ దాన్ని చూసి మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

“అన్నకి తెలుసా?” అన్నాడు.

“ఆయన సంగతి తర్వాత. నువ్వు వాయిదాలు కట్టలేదా?”

రబ్బరు బూట్ల కింద చేరిన నీళ్ల మడుగు చూస్తూ నిలబడ్డాడు మరిది.

“అడుగుతుంటే చెప్పవేంరా!” అంది అత్త. “పొద్దుట్నుంచీ దాన్ని నానా మాటలూ అన్నాను. అది కట్టలేదనుకున్నాను. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?”

ఇంతకు మించి క్షమాపణ ఆవిడ నోట రాదని టేపమ్మకు తెలుసు. ఉన్నంత వరకు తీసుకుంది.

“కట్టలేదు,” అన్నాడు మరిది.

“ఎందుకు?”

“ఖర్చయిపోయాయి.”

“దేనికి?”

“ఖర్చులకి.”

“ఏం ఖర్చులురా నీకు?” అత్త వేళ్లు మడవడం మొదలుపెట్టింది. “తినేది ఇంట్లో. పడుకునేది ఇంట్లో. సిగరెట్టు లేదు. సినిమాకి వెళ్తే సగంలో నిద్రపోతావు. ఎవరైనా అమ్మాయా?”

“నా మొహానికి అమ్మాయా!”

“అదీ నిజమే,” అంది అత్త. ఎవరూ నవ్వలేదు.

టేపమ్మ మరిదినే చూస్తోంది. అబద్ధమాడితే వీడికి మాటలు ఎక్కువవుతాయి. ఒకసారి మిషను సూది విరగ్గొట్టి, కిటికీలోంచి దూకిన పిల్లి కథ చెప్పాడు. ఆ పిల్లికి తోక సగమే ఉందని కూడా చెప్పాడు. అలాంటివాడి నోట ఇవాళ ఒక్కో మాట పటకారు పెట్టి లాగాల్సి వస్తోంది. ఎవరో చెప్పి పంపిన మాటల్లా ఉన్నాయవి.

“చిన్నోడా, నా వంక చూడు. హోటలువాళ్ల కొలతలన్నీ దీంట్లోనే ఉన్నాయి. నీకు తెలుసుగా?”

“తెలుసు.” మరిది ఎర్ర ఫోను వంక చూశాడు. “తాళం వేస్తామని మెసేజి వచ్చింది వదినా. వేస్తే నా దానికే వేస్తారనుకున్నా. పోతే నా ఫోనే కదా పోయేది అనుకుని ఊరుకున్నా. నీ పని ఆగుతుందని తెలిస్తే ఫ్యాక్టరీలో ఎవరి కాళ్లయినా పట్టుకుని మళ్లీ కట్టేసేవాణ్ని.”

“మళ్లీ అంటే?”

“అంటే... కట్టేసేవాణ్ని.”

“మళ్లీ కట్టడమేంటి, అసలు కట్టనివాడివి?”

జేబులోంచి నల్ల ఫోను తీసి రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. “ఇది నీదే వదినా. నువ్వు కట్టింది దీనికే. తీసుకో.”

ఆ ఫోను వంక చూడాలంటేనే టేపమ్మకు ఎలాగో అనిపించింది. కానీ పొద్దు వాలుతోంది, బట్ట పరిచింది పరిచినట్టే ఉంది. అబద్ధాలతో ఇంకో పూట గడపడం తన వల్ల కాదనిపించింది. అత్త మీటల ఫోనులో మేనేజరమ్మ నంబరు చూసి, నల్ల ఫోను నుంచి కలిపింది.

జరిగింది జరిగినట్టు చెప్పింది. కొలతలు ఎందులో ఉన్నాయో, ఎందుకు చేజారాయో చెప్పింది. పొద్దున బట్ట పరిచానని మాత్రమే చెప్పి మిగతాది మింగేశానని కూడా చెప్పింది. అత్త టేపమ్మ మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

“రేపు పొద్దున శిక్షణకి అందరూ ఒకేసారి వస్తారు,” అంది మేనేజరమ్మ. “పనిలోకి దిగకముందు కాసేపు వెనక గేటు దగ్గర నిలబెడతాను. వాళ్లకంటే ముందు మీరు అక్కడ ఉండాలి. బట్ట కూడా తెచ్చుకోండి.”

“బట్ట ఎందుకు మేడమ్?”

“మీరు ఆలస్యమైతే అటునుంచి అటే పెద్ద దుకాణానికి పంపించేస్తాను. నా చేతిలో ఉన్నది ఇంతే. మీ ఆయనకి వ్యాను ఉందన్నారుగా?”

“ఉంది మేడమ్.”

టేపమ్మ ఫోను పెట్టేసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు.

“ఇంకేం మరి!” అత్త గుండీలు దులుపుకుని లేచింది. “పెద్దోడు వ్యాను తీస్తాడు. తానులు నేనూ మోస్తాను. ఈసారి గాల్లోకి చెప్పుకోవడాలు వద్దు, నేను పక్కన కూర్చుని రాస్తాను.”

“మీకు రాయడం రాదుగా అత్తయ్యా?”

“అంకెలు వచ్చు. నడుముకి అంకె చాలదా?”

“ఎవరి నడుమో తెలియొద్దామ్మా?” అన్నాడు మరిది. “నేను రాస్తా వదినా. రేపు ఫ్యాక్టరీ మానేస్తా.”

టేపమ్మకు పొద్దుట్నుంచీ మొదటిసారి ఊపిరి కిందికి దిగినట్టయింది. వీడి మీద కోపం ఎక్కడికీ పోలేదు. కానీ రేపు గేటు దగ్గర ముగ్గురూ నిలబడి ఉండటం కళ్లకు కట్టింది. అత్త పెన్ను పట్టుకుని మరిదిని కసురుతుంది. పొడుగాయన మళ్లీ పొట్ట బిగబడతాడు. గేటు పక్కన వ్యాను ఆగి ఉంటుంది.

అత్త గుండీల సంచి తీసుకుని లోపలికి వెళ్లింది. అప్పుడే టేపమ్మ చేతిలో నల్ల ఫోను మోగింది.

తెర మీద ‘అన్న’ అని ఉంది. వ్యానుకు ఆనుకుని నవ్వుతున్న భర్త ఫొటో.

“ఇటివ్వు వదినా.” మరిది చెయ్యి చాచాడు. “నేను మాట్లాడతా.”

మరీ తొందరగా అన్నాడు. పొద్దున గుమ్మం దగ్గర ‘ఇవాళ వద్దు’ అన్న మాట కూడా ఇంతే తొందరగా వచ్చింది. టేపమ్మ చాచిన ఆ చేతిని చూసింది. ఐసు మోసి మోసి పగిలిన వేళ్లు ఫోను దాకా వచ్చేశాయి.

ఇవ్వలేదు. పక్కకు తిరిగి ఫోను చెవికి ఆనించుకుంది. హలో అనలేదు.

“ఒరే, ఇంటికి చేరావా?” ఇంజను మోతలోంచి భర్త గొంతు. “మీ వదిన ఏమైనా అడిగిందా? నా పేరు మాత్రం ఎత్తకు. నెలనెలా వాయిదా డబ్బు నువ్వు నా చేతికి ఇచ్చావని దానికి తెలిసిందంటే ఇక ఆ ఇంట్లో నేను తలెత్తుకోలేను. ఖర్చయిపోయాయని చెప్పు, అంతే. ఎక్కువ మాట్లాడకు. నేను ఎలాగోలా సర్దుతాను కదా. విన్నావా?”

మరిది గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

“మాట్లాడవేంరా?”

టేపమ్మ చెయ్యి మెడలోని టేపు మీదికి వెళ్లింది. దాని చివర వేలికి చుట్టుకుంది. విప్పింది. గోడవారగా బూడిద రంగు తానులు ఉన్నాయి. కిటికీ కింద ఖాళీ చోటు ఉంది. అడగాల్సినవి చాలా ఉన్నాయి. దేనికి ఖర్చు పెట్టావు? ఎన్నాళ్లు వీణ్ని అడ్డం పెట్టుకుందామనుకున్నావు? పొద్దున నేను మొత్తుకుంటుంటే బూటు తాడు కడుతూ ఎలా కూర్చోగలిగావు? అవన్నీ గొంతు దాకా వచ్చాయి. వాటికంటే ముందు రేపటి పొద్దు వచ్చి నిలబడింది.

“రేపు పొద్దున్నే వ్యాను కావాలి,” అంది. “కొలతలకి వెళ్లాలి.”

అవతల ఇంజను ఆగిపోయింది.

“పెద్దోడేనా?” గుండీల సంచి మూతి కడుతూ లోపలి నుంచి అడిగింది అత్త. “ఏమన్నాడు? వస్తానన్నాడా?”

టేపమ్మ ఫోను చెవి దగ్గరి నుంచి తీయలేదు. ఆ జవాబు కోసమే ఆమె కూడా వింటోంది.